సినిమా లీగ్‌కు లెక్క రెండో శుక్రవారమే!

క్రికెట్ మ్యాచ్ మొదలు కాకముందే పదకొండు మందిని ఎంచుకుని ఊహాజట్టును కట్టడం, వారి పరుగులు, వికెట్లను బట్టి పాయింట్లు పోగు చేసుకోవడం మన యువతకు కొత్త కాదు. ఆటగాళ్లకు బదులు విడుదల కానున్న సినిమాలను ఎంచుకుంటే అదే సినిమా లీగ్. ఏ చిత్రం ఆడుతుంది, ఏది తిరిగి డబ్బాలోకి వెళుతుంది అని టీకొట్ల వద్ద తెల్లవార్లూ వాదించే తెలుగునాట ఇటువంటి ఆటకు ఆదరణ ఎందుకు ఉండదు? ఆదరణకు లోటు లేదు. లోటల్లా లెక్కకే. ఎవరు గెలిచారో తేల్చే అంకె ఎక్కడినుంచి వస్తుందన్నది తేలనిదే ఆట నిలవదు. పైగా 2025 తరువాత ఇందులో రూపాయి ప్రవేశిస్తే కటకటాల దాకా వెళ్లవలసి రావచ్చు.

అమెరికాలో పుట్టిన ఆట

ఫాంటసీ ఆటలకు మూలం అమెరికా బేస్‌బాల్. 1980లో డేనియల్ ఓక్రెంట్ అనే రచయిత, ఆయన మిత్రులు న్యూయార్క్‌లోని ఒక ఫ్రెంచి భోజనశాలలో కూర్చుని నిబంధనలు రాసుకున్నారు. ఒక్కొక్కరి చేతిలో 260 డాలర్లు, వేలంలో కొనవలసిన ఆటగాళ్లు 23 మంది. అందరికీ అన్నీ కావాలి, సొమ్ము మాత్రం చాలదు. ఆ ఇరకాటమే ఆటకు ప్రాణం.

సినిమాకు ఈ సూత్రాన్ని దగ్గర చేసినది 1996లో ఆరంభమైన హాలీవుడ్ స్టాక్ ఎక్స్ఛేంజ్. ఇందులో చేరినవారికి 20 లక్షల ఉత్తుత్తి డాలర్లు ఇచ్చేవారు. వాటితో రాబోయే చిత్రాల ‘షేర్లు’ కొనాలి. తొలి నాలుగు వారాల్లో ఒక చిత్రం అమెరికాలో 10 కోట్ల డాలర్లు వసూలు చేస్తుందని ఆడేవారు నమ్మితే, దాని షేరు ధర 100 దగ్గర నిలుస్తుంది. అనంతరకాలంలో మాథ్యూ బెర్రీ ‘ఫాంటసీ మూవీ లీగ్’ను తెచ్చారు. క్రీడా విశ్లేషకుడిగా పేరుపడిన ఈయన అంతకుముందు హాలీవుడ్‌లో సినిమాలకు కథనాలు రాసిన వ్యక్తే. ఆ ఆటలో ప్రతివారూ ఎనిమిది తెరల ఊహా సినిమాహాలుకు యజమాని. చేతిలోని 1000 ఉత్తుత్తి నాణేలతో ఆ వారాంతానికి తెరలు నింపుకోవాలి. భారీ చిత్రాన్ని ఒక తెర మీద వేసి మిగతావి చిన్నవాటితో నింపడమా, మధ్యరకం చిత్రాన్నే అన్ని తెరల మీదా వేయడమా అన్నది వారి తర్కం. మన ఎగ్జిబిటరు ప్రతి గురువారం రాత్రి పడే మథన ఇదే కదా!

అక్కడ ఈ ఆట సాగడానికి కారణం ఉంది. హాలీవుడ్ సంస్థలు ప్రతి ఆదివారం వారాంతపు అంచనాలను, సోమవారం అసలు వసూళ్లను ప్రకటిస్తాయి. టిక్కెట్ల విక్రయ సమాచారాన్ని థియేటర్ల నుంచి నేరుగా సేకరించే కామ్‌స్కోర్ వంటి సంస్థలు ఉన్నాయి. ఓడినవాడు కూడా కాదనలేని అంకె అది. తెలుగు చిత్రాల అమెరికా ప్రీమియర్ల లెక్క గంటగంటకూ బయటకు రావడానికి కారణమూ అదే. డల్లాస్‌లో ఎన్ని టిక్కెట్లు తెగాయో తెలుసుకున్నంత సులువుగా పక్క మండల కేంద్రంలో ఎన్ని తెగాయో తెలుసుకోలేకపోవడం విచిత్రమే.

ఉల్లి సరసన సినిమా

ఉత్తుత్తి డాలర్ల ఆటను నిజం డాలర్ల వ్యాపారంగా మార్చే యత్నమూ అమెరికాలో జరిగింది. హాలీవుడ్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌ను కొన్న కాంటర్ సంస్థ సినిమా వసూళ్లపై ఫ్యూచర్స్ వ్యాపారానికి అనుమతి కోరింది. 2010 జూన్‌లో నియంత్రణ సంస్థ సరేనన్నది. నిర్మాణ సంస్థలు గగ్గోలు పెట్టాయి. తమ సినిమా పోతుందని పందెం కాసినవాడు దానిపై దుష్ప్రచారం చేయడని హామీ ఏమిటన్నది వారి ప్రశ్న. నెల తిరగకముందే, 2010 జూలైలో వచ్చిన డాడ్-ఫ్రాంక్ చట్టం ఆ వ్యాపారాన్ని నిషేధించింది. అందుకు వాడుకున్నది 1958 నాటి ఉల్లిగడ్డల చట్టాన్ని కావడం కొసమెరుపు. షికాగోలో ఇద్దరు వ్యాపారులు ఉల్లి ధరలను ఆడించి రైతులను ముంచిన తరువాత, ఉల్లిపై ఫ్యూచర్స్ కూడదని చేసిన చట్టమది. దానిలోనే సినిమా వసూళ్లను కూడా చేర్చారు. ఉల్లి ధర ఒక్క పూటలో కుప్పకూలడం ఎరిగిన కర్నూలు రైతుకు ఈ జోడింపు వింతగా తోచకపోవచ్చు.

మన అంకెల తీరు

ఇక మన సంగతి. తెలుగు సినిమా వ్యాపారానికి ఒక భూపటం ఉంది. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022లో 26 అయినా, తెలంగాణలో 2016లో జిల్లాల సరిహద్దులు చెదిరిపోయినా ఈ పటం చెక్కుచెదరలేదు. 1800లో నిజాం ఆంగ్లేయులకు ధారాదత్తం చేసిన సీమకు వచ్చిన ‘సీడెడ్’ అన్న పేరు పాలనలో ఏనాడో మాసిపోయింది. సినిమా పోస్టర్ల మీద మాత్రం ఇప్పటికీ పచ్చగా ఉంది.

ఈ ప్రాంతాల వారీగా వెలువడే అంకెలను ఆటకు ఆధారం చేసుకోవచ్చా అంటే సందేహమే. ప్రేక్షకుడు చెల్లించిన మొత్తం గ్రాస్. పన్ను, థియేటరు వాటా లేక అద్దె పోగా పంపిణీదారు చేతికి వచ్చేది షేర్. ఒక చిత్రానికి గ్రాస్, పోటీ చిత్రానికి షేర్ పట్టుకుని అభిమానులు కొట్లాడుకోవడం నిత్యం చూస్తున్నదే. పోస్టరు మీది అంకెను నిర్మాత వేస్తాడు. దాన్ని సరిచూసే తటస్థ సంస్థ ఏదీ జనబాహుళ్యానికి అందుబాటులో లేదు. పరీక్ష రాసినవాడే మార్కులు వేసుకునే చోట ర్యాంకులు ఎలా ఇవ్వగలం?

ఒకవేళ అంకె నిజమేననుకున్నా, అది చెప్పేదేమిటి? టిక్కెట్టు ధర అన్ని సినిమాలకూ ఒకటి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్‌లో ధరలకు పరిమితి విధించి, 2022 మార్చిలో సవరించారు. భారీ చిత్రాలకు ప్రత్యేక ఉత్తర్వులతో పెంపునకు అనుమతి ఇవ్వడం రెండు రాష్ట్రాల్లోనూ జరిగింది. 2024 డిసెంబరులో ‘పుష్ప-2’ ముందస్తు ప్రదర్శనలకు టిక్కెట్టుపై 800 రూపాయల పెంపునకు తెలంగాణ ప్రభుత్వం అంగీకరించింది. పెంచిన ఆ మొత్తం ఒక్కటే, జిల్లా కేంద్రంలోని సింగిల్ స్క్రీన్‌లో పలువురు ప్రేక్షకుల సాధారణ టిక్కెట్ల ధరకు సమానం. అటువంటప్పుడు తొలిరోజు వసూళ్లు ప్రేక్షకాదరణకు కొలమానం కాలేవు. అవి ధరకు, అభిమానుల ఆత్రానికి కొలమానం. ఆ ఆత్రం ఎంతకు దారితీస్తుందో 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ వద్ద తొక్కిసలాటలో ఒక మహిళ ప్రాణం కోల్పోయినప్పుడు లోకం చూసింది. తొలిరోజు రికార్డును బహుమతిగా పెట్టే ఆటను మరొకటి తయారుచేసుకోవలసిన అగత్యం మనకు లేదు.

సంక్రాంతి చెప్పిన సాక్ష్యం

మరి దేన్ని లెక్కించాలి? ఇటీవలి రెండు సంక్రాంతులను పరిశీలిస్తే దారి దొరుకుతుంది.

2024 జనవరి 12న మహేష్‌బాబు ‘గుంటూరు కారం’, తేజ సజ్జా ‘హనుమాన్’ ఒకే రోజు వచ్చాయి. థియేటర్లలో సింహభాగం మొదటిదానికే దక్కింది. వేలం గనుక జరిగి ఉంటే ‘గుంటూరు కారం’ కోసం సంచి ఖాళీ చేసుకునేవారే ఎక్కువ. రోజులు గడిచేకొద్దీ ‘హనుమాన్’కు తెరలు పెరిగాయి, ఆ పండుగ విజేత అదే అయింది. 2025లో జనవరి 10న ‘గేమ్ ఛేంజర్’, 12న ‘డాకు మహారాజ్’, 14న ‘సంక్రాంతికి వస్తున్నాం’ వచ్చాయి. అన్నిటికంటే ఎక్కువ ఖర్చుతో తీసినది మొదట వచ్చింది. చివరగా వచ్చిన వెంకటేష్, అనిల్ రావిపూడి చిత్రం అన్నిటినీ దాటిపోయింది. రెండు సందర్భాల్లోనూ తీర్పు వెలువడింది తొలిరోజు కాదు. ఏ సినిమాను ఉంచాలో, దేన్ని దించాలో థియేటరు యజమాని నిర్ణయించుకున్న రోజున.

కాబట్టి జిల్లాలో మిత్రబృందం సినిమా లీగ్ నడుపుకోదలిస్తే కోట్ల అంకెలను పక్కనబెట్టి, రెండో శుక్రవారం నాటికి ఆ చిత్రానికి ఎన్ని ఆటలు మిగిలాయో లెక్కించడం ఉత్తమం. ఇది ఎవరి దయాదాక్షిణ్యాల మీదా ఆధారపడని లెక్క. గోడమీది పోస్టరు చెబుతుంది, టిక్కెట్ల బుకింగ్ యాప్ చెబుతుంది, అనుమానం ఉంటే వెళ్లి గేటు దగ్గర చూడవచ్చు.

ఆట తీరు ఇలా ఉండవచ్చు. అయిదుగురు మిత్రులు, జనవరి నుంచి మార్చి వరకు రానున్న 12 చిత్రాలు, మనిషికి 100 ఉత్తుత్తి వరహాలు, మూడు చిత్రాలకు మించి కొనరాదు. మిగిలిపోయిన వరహాలకు విలువ లేదు. రెండో శుక్రవారం ఒక్కో ఆటకు ఒక పాయింటు, మూడో శుక్రవారం నిలిచిన ఆటకు రెండు. అయిదు థియేటర్లు, రోజుకు నాలుగు ఆటలు ఉన్న పట్టణాన్ని తీసుకుందాం. 60 వరహాలు పెట్టి కొన్న అగ్రహీరో చిత్రం నాలుగు థియేటర్లలో దిగి, రెండో శుక్రవారానికి ఒక్క థియేటరుకు కుదించుకుపోయి, మూడో వారం లేకుండా పోయిందనుకుంటే దక్కేవి నాలుగు పాయింట్లు. ఎనిమిది వరహాలకు కొన్న చిన్న చిత్రం ఒక థియేటరులో మొదలై, రెండో శుక్రవారం రెండింటికి పెరిగి, మూడో వారం ఒకదానిలో నిలిస్తే ఎనిమిదికి మరో ఎనిమిది కలిసి పదహారు. అభిమానం ఒక పక్క, తెలివి మరో పక్క లాగుతుంటే వేలంపాట ఎంత రంజుగా ఉంటుందో ఊహించుకోవచ్చు.

లోపాలు లేకపోలేదు. పక్క శుక్రవారం మరో భారీ చిత్రం వస్తే బాగా ఆడుతున్నదాన్నీ దించేస్తారు. పంపిణీదారే థియేటరును లీజుకు తీసుకున్నచోట జనం లేకున్నా సినిమాను లాగుతారు. అందుకే ఒక్క పట్టణం కాక మూడు పట్టణాల లెక్క కలపడం క్షేమం. వాయిదాల సంగతీ ముందే తేల్చుకోవాలి. ‘ఆర్ఆర్ఆర్’ 2020 జూలై 30న వస్తుందన్నారు. 2021 జనవరి, అక్టోబరు, 2022 జనవరి అంటూ జరిగి చివరకు 2022 మార్చి 25న వచ్చింది. ‘పుష్ప-2’ సైతం 2024 ఆగస్టు 15 నుంచి డిసెంబరుకు జరిగింది. గడువులోగా రాని చిత్రానికి పెట్టిన వరహాల్లో సగం వెనక్కి ఇవ్వడం న్యాయం. మొత్తం ఇచ్చేస్తే పుకార్లను పసిగట్టే నేర్పుకు విలువ ఉండదు.

ఈ లెక్కకు మరో ప్రయోజనమూ ఉంది. అద్దె పద్ధతి కాదు, వసూళ్లలో శాతం కావాలంటూ తెలుగు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు 2025 జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామని ప్రకటించి, తరువాత విరమించుకున్న సంగతి విదితమే. తొలి మూడు రోజులకే చల్లబడే సినిమాలతో సింగిల్ స్క్రీన్ నిలవదన్నది వారి గోడు. రెండో శుక్రవారం లెక్క రాసుకునే కుర్రవాడికి ఈ గోడు పత్రికల్లో చదవకుండానే బోధపడుతుంది.

రూపాయి పెడితే నేరం

పాతరోజుల్లో నైపుణ్యమున్న ఆట జూదం కాదన్న వాదన చెల్లేది. రమ్మీ నైపుణ్యపు ఆటేనని సుప్రీంకోర్టు 1967లో చెప్పినది సికింద్రాబాద్ క్లబ్బు కేసులోనే. కానీ 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను పరిధిలోకి తెచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఆ వాదనకు పూర్తిగా తెరదించింది. నైపుణ్యమైనా, అదృష్టమైనా, సొమ్ము పెట్టి సొమ్ము ఆశించే ఆటను ఆన్‌లైన్‌లో నిర్వహిస్తే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారం చేసినా రెండేళ్లు, 50 లక్షలు. డ్రీమ్11 అంతటి సంస్థ ఆ నెలలోనే డబ్బు పోటీలను నిలిపివేసింది. సరదాగా యాప్ తయారుచేసి మనిషికి 50 రూపాయల ప్రవేశ రుసుము, గెలిచినవారికి మొత్తం అని పెట్టిన ఇంజనీరింగ్ విద్యార్థి తాను నిర్వాహకుడి స్థానంలో ఉన్నానని గ్రహించాలి. యాప్ లేదు, నోటుపుస్తకమే కదా అన్నా రాష్ట్ర చట్టాలు ఉండనే ఉన్నాయి. సొమ్ము లేని వినోదపు ఆటకు మాత్రం కొత్త చట్టంలోనూ చోటుంది.

యాప్‌పై హీరోల బొమ్మలు వేయడమూ అంత తేలిక కాదు. అనుమతి లేకుండా తమ పేరు, రూపం వాడుకోవడంపై చిరంజీవి, నాగార్జున 2025లో కోర్టులను ఆశ్రయించి ఉత్తర్వులు పొందారు. సినిమా పేరు, విడుదల తేదీ, ఆటల సంఖ్య చాలు.

ఇక లెక్క రాసేదెవరన్నది మిగిలింది. బుకింగ్ గుమాస్తాకో, ఆపరేటరుకో మించి ఈ సంగతులు తెలిసినవారు ఊళ్లో ఉండరు. అయితే రేపు ఏ సినిమా దిగిపోతుందో వారికి ముందే తెలుసు గనుక వేలంలో మాత్రం వారిని కూర్చోబెట్టరాదు.