వండేవాళ్లం, వడ్డించేవాళ్లం, తినేవాళ్లం: మా ప్రణాళిక

కల్యాణ మండపం వెనక ఏం జరుగుతుందో మాకు తెలుసు. కొరికి వదిలిన గారె, ముట్టని జిలేబీ, సగం పులిహోర ప్లేట్లలోంచి నేరుగా డ్రమ్ములోకి పోతాయి. ఆ పక్కనే గుండిగలో ఎవరికీ వడ్డించని అన్నం ఇంకా పొగలు కక్కుతూ ఉంటుంది.

2022లో ఇళ్లు, హోటళ్లు, దుకాణాలు కలిసి 105 కోట్ల టన్నుల ఆహారాన్ని పారేశాయని ఐక్యరాజ్యసమితి లెక్కగట్టింది. అందులో 60 శాతం ఇళ్లలో పోయిందే. 2024లో ఆకలితో ఉన్నవారు దాదాపు 67 కోట్ల మంది. ఆ ఏడాదే సూడాన్‌లోని జంజం శిబిరాన్ని కరువు కబళించింది. దానికి మూలం యుద్ధం. మన గుండిగలో మిగిలిన ముద్ద అక్కడికి చేరదు. మన వీధి చివరికైతే చేరుతుంది. అందుకే ఈ కట్టుబాట్లు పెట్టుకున్నాం.

1. పిలుపులెన్నో కాదు, వచ్చేవారెందరో అడిగి వండుతాం. వంటకాలు తగ్గించమని పెళ్లివారికి మేమే చెబుతాం. మా బేరం తగ్గినా సరే.

2. మొదటిసారి కొద్దిగా వడ్డిస్తాం. మారు అడిగినవారికి కొసరి కొసరి పెడతాం. తినేవాళ్లుగా, విస్తట్లో వేయించుకున్నది వదలం.

3. మిగిలింది ఇస్తాం, ఎంగిలి ఇవ్వం. గుండిగ వేడి తగ్గకముందే పంపుతాం. త్వరగా పాడయ్యే కొబ్బరి పచ్చడి, పెరుగు పచ్చడి అసలు పంపం. మా పిల్లలకు పెట్టలేనిది ఎవరికీ పెట్టం.

4. తినేవారి ఫోటో తీయం. ఊరూ పేరూ, కులమూ అడగం. వేళగాని వేళ వచ్చినవారికీ వండి పెట్టిన డొక్కా సీతమ్మ పుట్టిన గోదావరి సీమ మనది. ఆ పేరు చెప్పుకునే అర్హత తెచ్చుకుంటాం.

5. మా అన్నదానాన్ని చూపించి ఎవరి హక్కూ ఎగ్గొట్టనివ్వం. 2013 ఆహార భద్రత చట్టం కింద ప్రాధాన్య కుటుంబాల్లో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం రావాలి. బడి పిల్లలకు వండిన భోజనం పెట్టాలని 2001లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. రేషన్ తూకం తగ్గినా, బడిలో పప్పు నీళ్లయినా వెళ్లి నిలదీస్తాం.

6. అన్నదాతా సుఖీభవ అని ఊరుకోం. కౌలు రైతుకు గిట్టుబాటు ధర, నాట్లేసే కూలీకి సరైన కూలి అందాలన్న ప్రతి పోరాటంలోనూ నిలబడతాం. తిన్న అన్నానికి మేం తీర్చుకునే రుణం ఇదే.

ఈ ముహూర్తాల్లో మీ ఇంట శుభకార్యం ఉందా? వంటమాస్టర్‌తో మెనూ మాట్లాడేటప్పుడే మిగిలింది ఎక్కడికి వెళ్లాలో, ఎన్నింటికి వెళ్లాలో, ఎవరు తీసుకెళ్లాలో తేల్చుకోండి. భోజనాలయ్యాక అర్ధరాత్రి వెతికితే మనుషులూ దొరకరు, అన్నమూ నిలవదు.