కనిష్ఠం అంకె మనదేనండీ!



భోగి మంటలకు ఇంకా వారం రోజులే ఉంది. పుష్యమాసంలో పూసలు గుచ్చ పొద్దుండదని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఇల్లు దులపడం, పిండివంటలు, ముగ్గులు అన్నీ ఈ వారంలోనే. చలి గట్టిగా ఉండేదీ ఈ రోజుల్లోనే. అందుకని ఈసారి మన శీర్షికలో వాతావరణం గురించి చెప్పుకుందాం.

ఏ రోజు ఎన్ని డిగ్రీలో నేను చెప్పను. పత్రిక అచ్చయి మీ చేతికొచ్చేసరికి గాలి మారిపోవచ్చు. ఆ అంకె మీకు పేపర్లోనో, టీవీలోనో, ఫోన్లోనో రోజూ దొరుకుతుంది. తెలంగాణకు హైదరాబాదు వాతావరణ కేంద్రం, ఆంధ్రకు అమరావతి కేంద్రం అంచనాలు ఇస్తూనే ఉంటాయి. దేశం మొత్తానికి రాబోయే రెండు వారాల అంచనా ప్రతి గురువారం వస్తుంది. దొరికిన అంకెను మన ఇంటికి ఎలా అన్వయించుకోవాలి అన్నదే ఇవాళ్టి మాట.

పేపర్లో రెండంకెలు ఉంటాయి కదా. గరిష్ఠం అనేది మధ్యాహ్నం రెండు, మూడు గంటల వేడి. కనిష్ఠం తెల్లవారుజామున, సరిగ్గా పొద్దు పొడిచే ముందు ఉండే చలి. ఆ వేళకు ఇంట్లో అందరూ దుప్పటి ముసుగులో ఉంటారు. వాకిట్లో కళ్ళాపి చల్లుతూ, ముగ్గు వేస్తూ, చన్నీళ్ళలో గిన్నెలు తోముతూ ఉండేది ఎవరు? మనమే! అంటే కనిష్ఠం అంకె ఇంట్లో అందరికంటే ముందు మనదన్నమాట.

ఇంకో సంగతి. ఆ అంకెను నేలమీద కొలవరు. సుమారు నాలుగడుగుల ఎత్తులో, గాలి ఆడే చెక్కపెట్టెలో పెట్టిన థర్మామీటరు చెప్పే లెక్క అది. మబ్బు లేని, గాలి కదలని రాత్రి నేల దగ్గర చలి అంతకంటే ఎక్కువ. వంగి ముగ్గు వేసే మనకు పేపర్లో 12 అని ఉంటే, తగిలేది ఇంకా తక్కువే. పట్నంలో ఉండేవాళ్ళకు కూడా ఒక మాట. ఇళ్ళు, రోడ్లు పగటి వేడిని దాచుకుంటాయి కనుక హైదరాబాదు నడిబొడ్డున కాస్త నయం. పటాన్‌చెరు, రాజేంద్రనగర్ లాంటి శివార్లలో చలి ఎక్కువ. కాబట్టి మీ ఊరికి దగ్గరి అంకె చూసుకోండి.

జనవరిలో హైదరాబాదుకు 15 డిగ్రీల దరిదాపుల్లో ఉండటం మామూలే. విజయవాడకు అంతకంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ. ఆదిలాబాద్ వైపు ఇంకా తక్కువ. చింతపల్లి మండలం లంబసింగికైతే కొర్రబయలు అనే పేరే ఉంది. బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా బిగుసుకుపోతాడని దాని అర్థమట. హైదరాబాదులో 1946 జనవరిలో 6.1 డిగ్రీలకు దిగింది. మైదానాల్లో కనిష్ఠం 10కి గానీ అంతకంటే తక్కువకు గానీ పడి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు తగ్గితే వాతావరణ శాఖ దాన్ని శీతల గాలులు అంటుంది. సముద్రతీరంలో వాళ్ళకు 10 దాకా అక్కర్లేదు, 15 డిగ్రీలే హద్దు. పసుపు రంగు హెచ్చరిక వస్తే గమనిస్తూ ఉండమని, నారింజ రంగు వస్తే సిద్ధంగా ఉండమని.

ఇక గాలి, మబ్బు. ఉత్తరం నుంచి పొడిగాలి వీస్తూ ఆకాశం నిర్మలంగా ఉంటే రాత్రి చలి ముదురుతుంది. బంగాళాఖాతం నుంచి తేమగాలి వచ్చి మబ్బు పడితే, అది దుప్పటిలా కప్పి రాత్రి చలి తగ్గిస్తుంది. మరి మబ్బు మంచిదేనా అంటారా? గుమ్మడి వడియాలు పెట్టేవాళ్ళకు కాదు. మినప్పప్పు నానబోసే ముందే రెండు మూడు రోజుల అంచనా చూసుకోండి. పొడి ఎండ ఉందంటే పెట్టండి. మంచు కురిసే ఊళ్ళో మంచు విడిచాకే డాబా మీదికి తీసుకెళ్ళండి.

కనిష్ఠం 15 లోపుకి దిగితే ఇడ్లీపిండి పులియదు, పెరుగు తోడుకోదు. పిండి సాయంత్రం నాలుగింటికే రుబ్బుకుని, గిన్నెకు పాత దుప్పటి చుట్టి బియ్యం డబ్బాలో పెట్టండి. పాలు గోరువెచ్చన కంటే కాస్త ఎక్కువ వేడిగా ఉండగానే తోడు వేసి, మజ్జిగచుక్క కూడా కొంచెం పెంచి, హాట్‌ప్యాక్‌లో ఉంచండి. గడ్డకట్టిన కొబ్బరినూనె సీసాను పొయ్యి మీద పెట్టకండి, వేడినీళ్ళ గిన్నెలో నిలబెడితే చాలు.

ఇప్పుడు అసలు మాట. కనిష్ఠం పడిపోయిన రాత్రి పసిబిడ్డ వణుకుతోందనో, ముసలాయనకు చలేస్తోందనో గదిలో బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూసేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. నిప్పు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. తలనొప్పి, వాంతి, మత్తు... నిద్రలోనే ప్రాణం పోతుంది. గాలి ఆడని స్నానాలగదిలో గ్యాస్ గీజరుతోనూ ఇదే ప్రమాదం. ఎవరికైనా అలా అనిపిస్తే వెంటనే తలుపులు తెరిచి, వాళ్ళను బయటికి తెచ్చి, 108కి ఫోన్ చెయ్యండి. పసిబిడ్డకు కుంపటి కంటే తల్లి ఒంటి వెచ్చదనం మేలు. తలకు టోపీ, కాళ్ళకు మేజోళ్ళు మరవకండి. పెద్దవాళ్ళకు చలికి రక్తనాళాలు బిగిసి బి.పి. పెరుగుతుంది. వాళ్ళ తెల్లవారుజాము నడకను ఎండ వచ్చాకకు మార్చండి. వాళ్ళ మాత్రలు అయిపోకుండా చూడండి.

మరి మన సంగతి? అత్తగారికి శాలువా, పిల్లలకు స్వెట్టర్లు వెతికిపెట్టే మనం, చెవులకు గుడ్డ కూడా లేకుండా వాకిట్లోకి వెళ్ళిపోతాం. ఉబ్బసం ఉన్నవాళ్ళు, బాలింతలు, బి.పి. ఉన్నవాళ్ళు ఈ వారం ముగ్గును ఒక గంట వెనక్కి జరిపితే సంక్రాంతి లక్ష్మి అలగదు. తలస్నానం చేసి తడిజుట్టుతో బయటికి వెళ్ళకండి. రాత్రే కనిష్ఠం చూసుకుని, స్వెట్టరు తలగడ దగ్గర పెట్టుకుని పడుకోండి. గిన్నెలకు ఒక చెంబెడు వేణ్ణీళ్ళు మన చేతులకోసం కాచుకుంటే గ్యాస్ దండగ అని ఎవరైనా అంటే, ఆ రోజు గిన్నెలు వాళ్ళనే తోమమనండి!

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుంది. అందాకా ఇంట్లో అందరితోపాటు మనమూ వెచ్చగా ఉందాం. వచ్చే వారం అరిసెల పాకంతో కలుద్దాం. ఉంటానండీ!