యాభై వేల రూపాయల ఔచిత్య విచారం

తెలుగు పండితుడికి కంప్యూటరు విడిభాగాల ఊసెందుకని పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. ఛందస్సూ, శతకాలూ, ప్రబంధాలూ చాలలేదా అని చమత్కరించనూవచ్చు. కాని 2025 వేసవి సెలవులలో నేను సాగించిన అధ్యయనమంతా గ్రాఫిక్స్ కార్డుల మీదా, పవర్ సప్లైల మీదా జరిగిందన్నది సత్యం. ఆ అనుభవం వల్ల నాకు కలిగిన కొన్ని అభిప్రాయాలను ఇక్కడ విన్నవిస్తున్నాను.

మా అమ్మాయి కొడుకు పాలిటెక్నిక్ మొదటి సంవత్సరం ముగించుకొని రాజమహేంద్రవరంలోని మా ఇంటికి వచ్చాడు. పండుగలకు పెద్దలిచ్చినవీ, ఒక ఫోటో స్టూడియోలో ఆల్బములు కూర్చి సంపాదించినవీ కలిపి ముప్పై వేలు కూడబెట్టుకున్నాడు. విడిభాగాలు కొనుక్కొని, ఆటలకు అనువైన కంప్యూటరును తన చేతులతో తానే అమర్చుకోవాలని వాడి కోరిక. మిగిలిన ఇరవై వేలు నేనిస్తానన్నాను. మా అల్లుడుగారికి ఇది సుతరామూ ఇష్టం లేదు. “ఆటలకు యాభై వేలా మావయ్యగారూ?” అన్నారు. “ఆట సంగతి తరవాత బాబూ. ప్రతి రూపాయి ఎందుకు ఖర్చు పెడుతున్నాడో వాడు నాకు కారణం చెప్పాలి. చెప్పలేని నాడు కొననివ్వను” అన్నాను. ఆయన ఒప్పుకోలేదు గాని ఊరుకున్నారు.

మొదట ఒక దుకాణానికి వెళ్లి ధరల పట్టిక అడిగాం. చీటీ మీద ఇలా రాసిచ్చారు: 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 500 వాట్ల పవర్ సప్లై, 16 జీబీ ర్యామ్, రంగు దీపాల క్యాబినెట్. కింద మొత్తం. ఒక్క వస్తువుకైనా పూర్తి పేరు లేదు. వ్యాకరణం చెప్పిన వాణ్ని గనుక నాకు అక్కడే అనుమానం పుట్టింది. ఇవన్నీ విశేషణాలు. విశేష్యం ఏది?

పేర్ల విషయంలో ఎంత జాగ్రత్త అవసరమో తరవాతి వారం రోజులలో తెలిసివచ్చింది. ఎన్విడియా వారి ఆర్‌టీఎక్స్ 3050 అనే కార్డు 2022 జనవరిలో 8 జీబీ జ్ఞాపకంతో వచ్చింది. 2024 ఫిబ్రవరిలో అదే పేరుతో 6 జీబీ కార్డు ఒకటి వచ్చింది. తగ్గింది జ్ఞాపకం మాత్రమే అనుకుంటే పొరపాటు. లోపలి గణన యూనిట్లు 2560 నుంచి 2304కు, జ్ఞాపకానికి దారి 128 బిట్ల నుంచి 96కు తగ్గాయి. అంతకు పూర్వం 2017లో వచ్చిన జీటీ 1030కి కూడా 2018లో నెమ్మదైన డీడీఆర్4 జ్ఞాపకంతో ఒక సవతి తమ్ముడు పుట్టాడు. కావ్యంలో ఒకే మాటకు రెండర్థాలుంటే శ్లేష అని మెచ్చుకుంటాం. అంగట్లో అదే జరిగితే నష్టపోయేది కొనేవాడు.

ప్రత్యయాల సంగతీ అంతే. ఇంటెల్ కోర్ ఐ3-12100ఎఫ్ అన్న పేరులో చివరి ‘ఎఫ్’ ఉందంటే దానిలో స్వంత గ్రాఫిక్స్ లేదని అర్థం. విడిగా కార్డు పెట్టకపోతే తెర మీద బొమ్మే రాదు. ఏఎండీ రైజెన్ 5 5600కు గ్రాఫిక్స్ లేదు, 5600జీకి ఉంది. అయితే ‘జీ’యే మేలు గదా అని మావాడితో అన్నాను. “కాదు తాతయ్యా. దానిలో ఎల్3 క్యాష్ 16 ఎంబీయే, మామూలు 5600లో 32. ఎలాగూ కార్డు కొంటున్నాం కదా!” అన్నాడు. విడి కార్డు కొనే స్తోమత ఇప్పుడే లేనివారికి ‘జీ’ ఉచితం, ఉన్నవారికి అనుచితం. క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణమన్నాడు. దానికి ఇంతకంటె లౌకికమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

డెల్టాలో పుట్టినవారికి ఈ పొందిక సులభంగానే అర్థం కావాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి మనది కాలువల బ్రతుకు. ప్రధాన కాలువ నిండుగా పారినా, పంట బోదె పూడిపోతే చేనుకు తడి అందదు. సెకనుకు 60 చిత్రాలు మాత్రమే చూపే మానిటర్ ఇంట్లో పెట్టుకొని, 150 చిత్రాలు గీసే కార్డు కొంటే ఆ మిగులంతా మురుగు కాలువ పాలే. మా ఇంట్లో ఉన్నది 1920×1080 తెర. దానికి రేడియన్ ఆర్‌ఎక్స్ 6600, దాని పక్కన రైజెన్ 5 5600 సరిపోతాయని తేల్చాం. ర్యామ్ ఒకే 16 జీబీ పలకగా గాక 8 జీబీవి రెండు తీసుకున్నాం. కాడికి రెండెడ్లు కట్టినట్టు రెండు దారులలో పని సాగుతుంది.

ఇక నేను పట్టుబట్టినది పవర్ సప్లై విషయంలో. దానికొక కారణం ఉంది.

2009 వేసవిలో మా ఇంట్లో ఒక అసెంబుల్డ్ కంప్యూటరు ఉండేది. కొన్న చోటు చెప్పను. కరెంటు పోయి వచ్చిన ఒక సాయంత్రం దాని వెనక నుంచి పొగ వచ్చింది. పేరూ ఊరూ లేని పవర్ సప్లై తాను కాలిపోతూ మదర్‌బోర్డునూ హార్డ్ డిస్కునూ వెంట తీసుకుపోయింది. ఆ డిస్కులో, కోనసీమ గ్రామాలు తిరిగి తొమ్మిదేళ్లపాటు నేను సేకరించిన వ్యవసాయ పదాలు ఉన్నాయి. కంప్యూటరులోకి ఎక్కించానన్న ధీమాతో కాగితపు చీటీలు అప్పటికే పారవేశాను. మరొక ప్రతి చేసుకోకపోవడం నా తప్పే, కాదనను. తరవాత గుర్తు తెచ్చుకొని రాసుకున్నవి రెండు వందల మాటలకు మించలేదు. ఆ మాటలు చెప్పిన ముసలివారిలో అనేకులు అప్పటికే గతించారు. అడుగుదామంటే మనిషి లేడు.

కాబట్టి చదువరులకు నా మనవి ఇది. వాట్ల అంకెను చూసి పవర్ సప్లైని కొనకండి. మేమెంచుకున్న కార్డు 132 వాట్లదీ, ప్రాసెసరు 65 వాట్లదీ. మంచి కంపెనీ తయారుచేసిన 550 వాట్లది వాటికి ధారాళంగా చాలు. 2004లో మొదలైన 80 ప్లస్ ముద్ర కూడా విద్యుత్తు ఎంత వృథా కాకుండా మారుతున్నదో చెబుతుందే గాని, అధిక వోల్టేజి నుంచీ షార్ట్ సర్క్యూట్ నుంచీ కాపాడుతుందని హామీ ఇవ్వదు. ఆ రక్షణలు ఉన్నాయో లేవో, వారంటీ ఎన్నేళ్లో విడిగా చూసుకోవాలి. అద్దం ముఖం గల క్యాబినెట్‌కు బదులు జల్లెడ ముఖం గలది తీసుకోవాలి. రోహిణి కార్తెలో ఆ తేడా చేతికి తెలుస్తుంది. ఆ రంగు దీపాల డబ్బు పవర్ సప్లైకి మళ్లిస్తే పిల్లవాడు నాలుగు రోజులు చిన్నబుచ్చుకుంటాడు. అంతే.

రాత్రి రైలెక్కి సికింద్రాబాదు వెళ్లి, పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్ని, మా ఊళ్లోనే కొన్ని కొన్నాం. ప్రతి వస్తువుకూ పూర్తి పేరుతో జీఎస్టీ బిల్లు తీసుకున్నాం. రెండు వేలు మిగిలాయి. ఆ డబ్బుతో బయట పెట్టుకొనే చిన్న డిస్కు ఒకటి కొనిపించాను. అమర్చడానికి వాడికి ఒక పగలంతా పట్టింది. మీట నొక్కగానే వెలగలేదు. ర్యామ్ సరిగా కూర్చోలేదట. తీసి మళ్లీ పెట్టాడు. వెలిగింది. ఆటలలో వాడేం సాధించాడో నేనెరుగను. వెలగనప్పుడు కంగారుపడక, ఒక్కొక్క భాగాన్నీ విప్పి కారణం వెదికిన ఆ అరగంట మాత్రం నేను ముప్పై ఏళ్లు తరగతి గదిలో నేర్పాలని చూసినదే. అల్లుడుగారికి ఈ సంగతి చెప్పాను. ఆయన నవ్వి, “మార్కులు రానివ్వండి, అప్పుడు చూద్దాం” అన్నారు. అదీ న్యాయమే.

ఆ తరవాత, 2025 చివరి మాసాలలో, కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. క్రూషియల్ పేరుతో మామూలు వినియోగదారులకు అమ్మే వ్యాపారాన్ని విరమిస్తున్నట్లు మైక్రాన్ సంస్థ ఆ డిసెంబరులో ప్రకటించింది. మేము వేసుకున్న లెక్క ఇప్పుడు వేసుకొనేవారికి సరిపోకపోవచ్చు. ధరలు మారినా పద్ధతి మారదు. తక్కువ డబ్బు గలవాడికే ఎక్కువ వివరం కావాలి, ఎందుకంటే రెండోసారి కొనుక్కొనే వీలు వాడికుండదు.

మన ఊళ్ల దుకాణదారులతో ఒక మాట. చీటీ మీద పూర్తి పేరు రాయడానికి మీకు పట్టేది మరో రెండు నిమిషాలు. పెద్దలతో ఒక మాట. పిల్లవాడు అడిగినదానికి ‘వద్దు’ అనే ముందు ‘ఎందుకు’ అని అడగండి. వాడి దగ్గర సమాధానం ఉంటే వినండి. లేకపోతే వెదుక్కొని రమ్మనండి.