రాజు మారినాడు, పట్టా ఎవురిది?



హిందూ మహాసముద్రంలో మారిషస్ అనే దీవి ఉంది. మొదట డచ్చివాళ్లు దిగినారు, విడిచిపోయినారు. 1715లో ఫ్రెంచివాళ్లు వచ్చి ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి మనుషుల్ని బానిసలుగా పట్టుకొచ్చినారు. 1810లో ఇంగ్లీషోళ్లు గెల్చుకున్నారు. గెల్చినోళ్లు రాసిచ్చిన మాటేంటంటే ఫ్రెంచి దొరల ఆస్తులు, చట్టాలు, ఆచారాలు ముట్టుకోము అని! 1835లో బానిసత్వం రద్దు చేసి పరిహారమిచ్చినారు. బానిసలకు కాదు, యజమానులకు. చెరకు తోటలకు మళ్లీ మనుషులు కావాల కదా, మన కోరంగి రేవు నుంచి కూడా తెలుగు కూలీల్ని ఓడలెక్కించినారు. అక్కడ వాళ్లకు 'కోరంగీలు' అనే పేరే పడింది. 1968లో స్వాతంత్ర్యం వచ్చింది. నాలుగు జెండాలు మారినా పెద్ద తోటలు చాలామటుకు ఆ పాత ఫ్రెంచి కుటుంబాల చేతుల్లోనే నిలిచినాయి.

ఈ దీవి కథ మనకెందుకంటారా? నంద్యాల చుట్టూ సముద్రం లేదు, నల్లరేగడి ఉంది. కానీ ఊరికి ఎడంగా ఉన్న మాలపల్లె, మాదిగపల్లె దీవులు కాక మరేంది? వాటి మీదుగా ఎన్ని రాజ్యాలు పోయినాయో లెక్కబెడదాం.

విజయనగరం పోయింది. గోల్కొండ, మొగలాయిలు పోయినారు. 1800లో నిజాం నవాబు సైన్యం ఖర్చు కింద మన సీమను కుంపిణీకి రాసిచ్చినాడు, బాకీ కింద గొడ్డును తోలిచ్చినట్టు. కోయిలకుంట్ల అట్ల పోయింది. నంద్యాల, శిరివెళ్ల వైపు కర్నూలు నవాబు కింద ఉండి 1839లో తెల్లోళ్ల చేతికి చిక్కింది. మన్రో దొర రైతువారీ తెచ్చినాడని బడి పుస్తకాలు పొగుడుతాయి. రైతుకే నేరుగా పట్టా అన్నారు. రైతంటే ఎవురు? శిస్తు కట్టేవాడు. అరక పట్టింది, కలుపు తీసింది, కుప్ప నూర్చింది మనోళ్లు. కచేరీ పుస్తకంలో మనోళ్ల పేరు వెతికినా దొరికేది అరుదు. మనకు రాసిపెట్టింది వెట్టి.

1847లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీసి, తలను ముప్పయ్యేళ్లు కోటకు వేలాడదీసినారు. ఆ తెగువను మేం తక్కువ చేయం. కానీ ఆ తిరుగుబాటులో మాన్యాలు పోగొట్టుకున్న కట్టుబడి బంట్రోతులు కూడా దిగినారు. వడ్డె ఓబన్న లాంటి ఒకరిద్దరు తప్ప వాళ్ల పేర్లు ఎవురికి తెలుసు?

1928లో నంద్యాల ఆంధ్ర మహాసభలో 'దత్త మండలాలు' అనే పేరు అవమానమని 'రాయలసీమ' అని పెట్టుకున్నారు. బాగానే ఉంది. మన పల్లెల పేర్లను తిట్లుగా వాడేది అవమానమని ఆ సభకు తోచిందా? తర్వాత 1953లో కర్నూలు రాజధాని, 1956లో హైదరాబాదు, 2014లో మళ్లీ విభజన, 2022లో నంద్యాల జిల్లా. ఈ నంద్యాల నుంచే 1977లో గెలిచిన సంజీవరెడ్డి రాష్ట్రపతి అయినాడు. 1991లో ప్రధాని పి.వి.ని గెలిపించి పంపింది గూడా ఈ నంద్యాలే. ఢిల్లీ దాకా మన ఓటు పోయింది, పొలం గట్టు దాకా మన పేరు రాలేదు.

అదే 1977లో అసైన్డ్ భూముల చట్టం వచ్చింది. పేదకిచ్చిన భూమి అమ్మినా కొన్నా చెల్లదు, కొన్నవాని నుంచి లాక్కొని తిరిగి పేదకియ్యాల అని. 2023లో దాన్ని సవరించి, ఇచ్చి ఇరవై ఏళ్లయితే అమ్ముకోవచ్చన్నారు. 2024లో ప్రభుత్వం మారగానే ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ అన్నారు. మళ్లీ రాజు మారినాడు, మళ్లీ మన కాగితమే కచేరీలో ఇరుక్కుంది.

"అందరూ అమ్ముకుంటారు, మేమెందుకు అమ్ముకోకూడదు?" అని అడిగే మనోళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఏనాడో పెండ్లికో, రోగానికో తెల్లకాగితం మీద పెద్దరైతుకు వదిలేసిన భూమి సంగతేంది? కాగితం మీద ఇప్పుడు అమ్మేది మనం. కొనేది గట్టు మీద ఎప్పట్నుంచో కూర్చున్నవాడు. ధర ఎవురు చెప్తారో ఆళ్లగడ్డ పల్లెల్లో పుట్టినోళ్లకు వేరే చెప్పాలా?

వచ్చే సంచికలోగా పెట్టెలో ఉన్న పట్టా బయటికి తీయండి. సర్వే నంబరు చూసి, అడంగల్‌లో అనుభవదారు గడిలో ఎవురి పేరుందో చదివించుకోండి. తాత పేరు పోయి వేరే పేరు కనపడితే మాకు రాయండి, ఊరి పేరుతో అచ్చేస్తాం. తాసిల్దారు ఆఫీసుకు మాత్రం ఒక్కరే పోవద్దు. పల్లె పల్లె కలిసి పొండి, అక్కను చెల్లెను గూడా పిలుచుకొని పొండి.