మాయ పడేదాకా దూడను ఆపొద్దు

'గొడ్డొచ్చిన వేళ, బిడ్డొచ్చిన వేళ' అంటారు మనవాళ్ళు. గొడ్డు ఇంటికొచ్చిన వేళను గుర్తుపెట్టుకుంటాం గానీ, ఆ గొడ్డుకు దూడ పుట్టిన వేళను పట్టించుకోం. వానాకాలం చివరి నుంచి సంక్రాంతి దాకా మన ఊళ్ళలో గేదెలు ఎక్కువగా ఈనుతుంటాయి. దూడలు ఎక్కువగా చచ్చేదీ ఆ రోజుల్లోనే. 'ప్రాప్తం లేదు, దక్కలేదు' అనుకుని ఊరుకుంటాం. ప్రాప్తం సంగతి ఎలా ఉన్నా, చాలా దూడలను పొట్టన పెట్టుకుంటున్నది మన అలవాట్లేనని నా అభిప్రాయం. ఆ మాట చెప్పే ముందు నా తప్పు నేను ఒప్పుకోవాలి.

నాకున్నది ఎకరంన్నర మాగాణి, రెండు గేదెలు. కొన్నేళ్ళ క్రితం పెద్ద గేదె రాత్రి పదకొండు గంటలకు ఈనింది. పెయ్యదూడ పుట్టిందని ఇంటిల్లిపాదీ సంతోషించాం. కాసేపటికి దూడ తడబడుతూ లేచి పొదుగు కోసం వెతుక్కుంటోంది. మాయ పడకముందు పాలు తాగితే మాయ లోపలే ఉండిపోతుందని దాన్ని అవతల గుంజకు కట్టేశాం. మా నాన్న అలాగే చేసేవాడు, ఆయన తండ్రీ అలాగే చేసేవాడు. తెల్లారి ఎనిమిదింటికి మాయ పడింది. అప్పుడు పాలు పితికి, సగం జున్నుకని ఇరుగుపొరుగుకు పంచి, మిగిలింది దూడకు వదిలాం. నాలుగో రోజు దూడకు పారుడు పట్టుకుంది. ఆరో రోజు పోయింది.

అంతటితో అయిపోలేదు. దూడ లేక గేదె చేపలేదు. తవుడు ముందు పెట్టి బతిమాలినా సగం పాలు పొదుగులోనే బిగబట్టేది. మూడు నెలలకే వట్టిపోయింది. దాణాకు తెచ్చిన అప్పు మాత్రం వట్టిపోలేదు. దూడ చావుకు ఆ రాత్రి చేసిన పని ఒక్కటే కారణమని ఖాయంగా చెప్పలేను. కానీ పశువుల డాక్టరు గారు విషయం విడమర్చి చెప్పాక, ఆ తొమ్మిది గంటలు నా మనసులో నుంచి పోలేదు.

ముర్రుపాలకు గడువుంది

మనిషి బిడ్డకు తల్లి కడుపులోనే కొంత రోగనిరోధక శక్తి అందుతుంది. గేదె, ఆవు దూడలకు ఆ వీలు లేదు. వాటి మాయ గుండా ఆ శక్తి దూడకు చేరదు. అదంతా ముర్రుపాలలోనే ఉంటుంది. పుట్టిన మొదటి కొద్ది గంటలే దూడ పేగులు దాన్ని ఉన్నదున్నట్టు రక్తంలోకి తీసుకుంటాయి. పన్నెండు గంటలు దాటితే ఆ గుణం బాగా తగ్గుతుంది. ఇరవై నాలుగు గంటలకు దాదాపు తలుపు మూసుకున్నట్టే. ఆ తర్వాత బిందెడు తాగించినా అది ఆహారమే గానీ రక్షణ కాదు.

అందుకే పుట్టిన గంటలోపు మొదటిసారి, ఆ తర్వాత విడతలు విడతలుగా ముర్రుపాలు పట్టాలి. దూడ బరువులో పదో వంతు పాలు ఒక రోజులో తాగాలి. ముప్పై కిలోల దూడకు మూడు లీటర్లన్న మాట. ముందు పొదుగును గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, ఒక్కో చన్ను నుంచి రెండు మూడు ధారలు పారబోసి దూడను వదలాలి. దూడ తాగలేకపోతే పితికి సీసాతో కొద్దికొద్దిగా పట్టండి. తల పైకెత్తి గొట్టంతో పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. దూడకు సరిపోయాక మిగిలితేనే మనకు జున్ను.

మరి మాయ సంగతి?

దూడ తాగితే మాయ పడదన్నది ఉత్త అపోహ. నిజం అందుకు తిరగబడి ఉంది. దూడ పొదుగు కుమ్మి చీకుతుంటే తల్లి గర్భసంచి ముడుచుకుంటుంది. పాలు చేపడానికీ, మాయ జారడానికీ అదే సాయం. మామూలుగా ఎనిమిది నుంచి పన్నెండు గంటల్లో మాయ పడిపోతుంది. పడకపోతే డాక్టరును పిలవాలి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సాయం కూడా అడగవచ్చు. అంతేగానీ వేలాడే మాయకు రాయో చెప్పో కట్టడం, చేత్తో లాగడం చేయొద్దు. గర్భసంచి దెబ్బతిని, చీము పట్టి గేదె మళ్ళీ చూడి కట్టకుండా పోవచ్చు.

ఈనిన గేదెకు గోరువెచ్చటి నీళ్ళు, తవుడు జావలో కాస్త బెల్లం ఇవ్వండి. ఎక్కువ పాలిచ్చే గేదెను మొదటి రెండు మూడు రోజులు పొదుగు ఖాళీ అయ్యేదాకా పితక్కండి. గేదె లేవలేక, మెడ డొక్క వైపు తిప్పి పడుకుని, చెవులు చల్లబడితే అది పాలజ్వరం. పేరుకు జ్వరమే గానీ ఒళ్ళు చల్లబడుతుంది. రక్తంలో కాల్షియం తగ్గడం వల్ల వస్తుంది. డాక్టరు వచ్చి కాల్షియం ఎక్కిస్తే లేచి నిలబడుతుంది, ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

బొడ్డు, నట్టలు

దూడ ముక్కు, నోటి దగ్గర జిగురు తుడిచి, తల్లిని నాకనివ్వాలి. చలి రోజులైతే గోనెసంచితో ఒళ్ళు రుద్దాలి. బొడ్డును రెండంగుళాల దూరంలో శుభ్రమైన దారంతో కట్టి, కింద కత్తిరించి, టించర్ అయోడిన్ పెట్టాలి. రెండు మూడు రోజులు మళ్ళీ మళ్ళీ పెట్టాలి. బొడ్డుకు పేడ అంటితే క్రిములు లోపలికి పోయి కీళ్ళు వాస్తాయి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. గేదె దూడలకు ఏలికపాములు తల్లిపాల ద్వారానే వస్తాయి. అందుకే పుట్టిన పదో రోజుకూ పద్నాలుగో రోజుకూ మధ్య, డాక్టరు చెప్పిన మోతాదులో నట్టల మందు తాగించాలి. మట్టి రంగులో, దుర్వాసనతో పారుకుంటే 'పాలు ఎక్కువై అరగలేదు' అనుకుని ఊరుకోవద్దు.

దున్నదూడ అయితే?

'పెయ్య అయితే సరే, దున్నదూడకు పాలెందుకు దండగ' అనేవాళ్ళున్నారు. వాళ్ళ బాధ నాకు తెలుసు. పూట పాలు అమ్మితేనే పూట గడిచే ఇల్లు నాదీ. కానీ దూడ మగదైనా ఆడదైనా తల్లి చేపేది దాన్ని చూసే. దూడ చచ్చాక దాని చర్మంలో గడ్డి కూరి గేదె ముందు నిలబెట్టేవాళ్ళను చూశాం. పూటపూటా సూది పొడిచి చేపించేవాళ్ళనూ చూశాం. పాల కోసం పశువు ఆరోగ్యం చెడే సూదులు వేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. ఇన్ని తిప్పలు పడేకంటే ఒక చన్ను దూడకు వదలడం తేలిక కాదా? ఇక పెయ్య అయితే లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. మూడున్నర, నాలుగేళ్ళకు ఈనే పడ్డను సంతలో కొనాలంటే మనబోటి వాళ్ళం అప్పు చేయాల్సిందే. అదే పడ్డ మన కొట్టంలోనే పుట్టి, మూడు లీటర్ల ముర్రుపాలు అందక పోతోంది.

పాల కేంద్రంలో వెన్న శాతం అడుగుతారు గానీ దూడ ఉందా, పోయిందా అని అడిగేవాళ్ళు లేరు. పశుసంవర్ధక శాఖ వారికి నాదొక విన్నపం. చూడి కట్టడానికి సూది వేసినప్పుడే ఈనే తేదీ లెక్కగట్టి రైతుకు రాసివ్వండి. గేదెకు పది నెలల పది రోజులు. ఆ వేళకు ఒక చిన్న సీసా టించరు, ఒక మోతాదు నట్టల మందు చేతిలో పెట్టండి. పెద్ద పథకం అక్కర్లేదు, ఇది చాలు.

శాఖ వారు ఇచ్చినా ఇవ్వకపోయినా, పాలు మాత్రం మన గేదె పొదుగులోనే ఉన్నాయి. నిరుడు మా చిన్న గేదె ఈనినప్పుడు అరగంటలోనే దూడను వదిలాను. మా అమ్మ గొణుగుతూనే ఉంది. నాలుగు గంటలకు మాయ పడింది. ఆ దూడ ఇప్పుడు మా ఇంటి ముందు జనుము మేస్తోంది.