డిగ్రీ గోడకు, కొవ్వు కార్జానికి

సదువుకుంటే తెలివొస్తది, తెలివుంటే రోగం దూరముంటది అని మనం నమ్ముతం. ఫ్యాటీ లివర్ కాడికి వచ్చేసరికి ఈ లెక్క తప్పుతున్నది.

2025ల సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికల ఒక అధ్యయనం అచ్చయింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ హాస్పిటల్ పరిశోధకులు పట్నంల ఐటీ కొలువు చేసే 345 మందిని పరీక్షించిన్రు. వాళ్లల్ల 84 శాతం మందికి కార్జంల కొవ్వు పేరుకున్నది. దేశం మొత్తం మీద జరిగిన అధ్యయనాలను ఎయిమ్స్ డాక్టర్లు 2022ల కలిపి చూస్తే, పెద్దోళ్లల్ల తేలింది 38 శాతం చిల్లర. చిన్న లెక్కను అందరికీ అంటగట్టొద్దు గని, ఇంత తేడాను పక్కకు కూడ పెట్టలేం.

అమెరికాల కథ ఉల్టా. అక్కడ తక్కువ సదివినోళ్లకే ఈ ముప్పు ఎక్కువని చాలా పరిశోధనలు చెప్తున్నయి. చౌకగ దొరికేది తీపి, ప్యాకెట్ తిండి. మంచి తిండి, కసరత్తుకు తీరిక సదువుకున్నోళ్లకే ఎక్కువ. అంటే ఈ రోగం సర్టిఫికెట్ చూసి రాదు. ఎంతసేపు కూసుంటున్నవ్, ఏం తింటున్నవ్ అన్నది చూసి వస్తది. మన దగ్గర సదువు చాలామందికి ఇచ్చింది కుర్సీ.

తిన్న అన్నం, తీపి ఒంట్ల ఖర్చు కాకుంటే కార్జం దాన్ని కొవ్వు చేసి దాచుకుంటది. మందు ముట్టనోళ్లకు కూడ అయితది. నొప్పి తెల్వదు. పట్టించుకోకుంటే కొందరికి ఏండ్ల మీద సిరోసిస్ దాకా పోతది.

తమ్మీ, ఇది ఐటీ వాళ్ల ముచ్చటే అనుకోకు. ఊరిడిసి అశోక్‌నగర్‌ల రూం తీసుకున్న మన పిల్లలను చూడు. పొద్దంత స్టడీ హాల్ల కూసునుడు. మెస్సుల ప్లేటు నిండ తెల్లన్నం, మీద నీళ్ల పప్పు. నిద్రాపుకోనికి చాయ మీద చాయ. నోటిఫికేషన్ లేటైతే ఏడాది కాస్త మూడేండ్లయితది. కొలువు రాకముందే కొలువు రోగమొస్తది.

ఊర్లున్నోళ్లు తప్పించుకున్నరా? కోతలకు మిషనొచ్చింది, పొలం కాడికి బండి మీద పోతున్నం. పళ్లెంల అన్నం మాత్రం తగ్గలే. పైంగ సదువు లేనోళ్లకు ఇంకో దెబ్బ: కామెర్లు వచ్చేదాక పరీక్షే లేదు, వచ్చినంక పసరు మందు. సదువుకున్నోడు చేతిల రిపోర్టున్నా పట్టించుకోడు. సదువు లేనోనికి రిపోర్టే అందదు. నష్టం ఇద్దరిదీ.

2021ల కేంద్రం ఈ జబ్బును షుగర్, బీపీ, క్యాన్సర్లను చూసే జాతీయ కార్యక్రమంల కలిపింది. ఆశా అక్క నింపే ఫారంల నడుము కొలత కూడ ఉంటది. ఆ కొలత ఫారంలనే ఆగొద్దు. నడుము పెరిగినోళ్లకు, షుగరున్నోళ్లకు కార్జం పరీక్ష అయ్యేదాక పోవాలె. రక్త పరీక్ష మంచిగున్నా కొవ్వుండొచ్చు, అందుకే అల్ట్రాసౌండ్ కూడ అందుబాట్ల ఉండాలె.

మన చేతిల ఉన్నది తక్కువేం కాదు. బరువు ఎక్కువున్నోళ్లు అండ్ల 7 నుంచి 10 శాతం తగ్గితే కార్జం చాలామట్టుకు కోలుకుంటది. 80 కిలోలున్నోళ్లు 6 నుంచి 8 కిలోలు తగ్గాలన్నట్టు. వారానికి 150 నిమిషాలు జోరుగ నడువు. కూల్‌డ్రింక్ బంద్ పెట్టు, మందు జోలికి పోకు. అన్నం తగ్గించి కూర పెంచు.

గని మెస్సుల కూరే లేకుంటే ఏం పెంచుతం? నోటిఫికేషన్ల కోసం కొట్లాడినట్టే హాస్టళ్లల్ల మంచి తిండి కోసం, ఆడుకునే జాగ కోసం, సర్కారు దవాఖానల పరీక్ష కోసం కూడ అడగాలె. కొలువొచ్చినంక అది చేసేటందుకు ఒంట్ల సత్తువుండాలె కదా.