మిడ్ రాడ్ గోల్ గాలి గోల్ కాదు



స్కాలర్‌షిప్‌లు, హాస్టల్ సీట్లు, నోటిఫికేషన్ల గురించి మాట్లాడుకునే చోట బొమ్మల ఫుట్‌బాల్ గురించి పోస్టు ఏంటని కొందరికి అనిపించొచ్చు. మాకైతే ఇది చిన్న విషయంగా కనిపించడం లేదు. ఉట్నూరు, ఏటూరునాగారం, పాడేరు, సీతంపేట వైపు నుంచి పై చదువులకి సిటీకి వచ్చిన మాలాంటి వాళ్లం చాలామందిమి ఆ టేబుల్‌ని మొదటిసారి చూసేది హాస్టల్ కామన్ రూంలోనే. చిన్నప్పటి నుంచి ఆడినవాళ్లు అప్పటికే అక్కడ ఉంటారు. మనవాడు మధ్య రాడ్ నుంచి ఒక గోల్ కొట్టాడంటే చాలు, రెండు మాటలు వస్తాయి. ఒకటి "లక్కురా". రెండోది "మిడ్ నుంచి కొడితే చెల్లదు". ఆ రూలు ఆట మొదలయ్యే ముందు ఎవరూ చెప్పరు, గోల్ పడ్డాకే గుర్తొస్తుంది.

మా అభిప్రాయం సూటిగా చెప్తాం. మిడ్ గోల్ చెల్లుతుంది. దాన్ని ఎవరైనా నేర్చుకోవచ్చు. నేర్చుకుని కొడితే లక్కు అనే మాటకి చోటుండదు.

ముందు రూలు సంగతి. జర్మనీ బార్లలో, ఫ్రాన్స్ కేఫుల్లో చాలాచోట్ల మిడ్ గోల్‌ని లెక్కపెట్టరు. అది వాళ్ల సరదా ఆట, వాళ్ల ఇంటి రూలు. పోటీల్లో అలా లేదు. 2002లో ఏర్పడిన అంతర్జాతీయ టేబుల్ సాకర్ సమాఖ్య నిబంధనల ప్రకారం ఐదు బొమ్మల రాడ్ నుంచి కొట్టిన గోల్ కూడా గోలే. అక్కడ నిషేధించింది వేరు. కొట్టే ముందు గానీ కొట్టాక గానీ రాడ్‌ని పూర్తి చుట్టు మించి గిర్రున తిప్పకూడదు. మిడ్ రాడ్ మీద బంతిని 10 సెకన్లకి మించి పెట్టుకోకూడదు. ఆగిన బంతిని అలాగే అటాక్‌కి పాస్ చేయకూడదు, ముందు కనీసం రెండు బొమ్మలకి తాకించాలి. ఆట మొదలుపెట్టేటప్పుడు "రెడీనా?" అని అడిగి, అవతలివాడు రెడీ అన్నాకే బంతి కదపాలి.

ఈ చివరి రూలుని బాగా గుర్తుపెట్టుకోవాలి. అవతలివాడు చూడనప్పుడు కొట్టడం దొంగ దెబ్బ. వాడు రెండు కళ్లూ పెట్టి చూస్తుండగానే కొట్టడం ఆట.

చూస్తూ ఉన్నవాడు ఎలా మోసపోతాడు? టేబుల్ తెలియని తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం చెప్తున్నాం. ఒక్కో జట్టుకి నాలుగు రాడ్లు ఉంటాయి: గోలీ, రెండు బొమ్మల డిఫెన్స్, ఐదు బొమ్మల మిడ్, మూడు బొమ్మల అటాక్. మామూలుగా మిడ్ నుంచి అటాక్‌కి పాస్ ఇచ్చి, అక్కడి నుంచి గోల్‌కి కొడతారు. అందుకే బంతి మన మిడ్‌లో ఉన్నంతసేపూ అవతలివాడి మనసంతా ఆ పాస్‌ని ఆపడం మీదే ఉంటుంది. సింగిల్స్‌లో వాడికి ఉన్నవి నాలుగు రాడ్లు, రెండు చేతులు. పాస్ ఆపడానికి ఒక చెయ్యి మిడ్ మీద పెట్టక తప్పదు. రెండో చెయ్యి డిఫెన్స్‌నో, గోలీనో ఒకదాన్నే పట్టుకుంటుంది. మిగిలిన రాడ్ ఎక్కడ వదిలితే అక్కడే నిలబడి ఉంటుంది. డబుల్స్‌లో వెనకున్నవాడి రెండు చేతులూ ఖాళీయే, కానీ వాడు షాట్ అటాక్ నుంచి వస్తుందని కూర్చుంటాడు. మిడ్ షాట్ బతికేది ఆ కాస్త సందులోనే.

ఇక నేర్చుకోవడం. మాకు అర్థమైన మొదటి సంగతి ఏంటంటే, షాట్ కంటే ముందు పాస్ రావాలి. గోడ పక్కనుంచి ఒక పాస్, బొమ్మల మధ్య సందులోంచి ఒక పాస్ నమ్మకంగా వచ్చేదాకా మిడ్ షాట్ జోలికి పోవద్దు. మీ పాస్ అంటే భయం లేనివాడు మీ షాట్‌కి ఆశ్చర్యపోడు.

రెండోది, పాస్‌కీ షాట్‌కీ తయారీ ఒకటే ఉండాలి. బంతిని అదే బొమ్మ దగ్గర పెట్టండి, అదే వేగంతో కదపండి, మణికట్టు అదే ఎత్తులో ఉంచండి. తేడా ఆఖరి క్షణంలోనే రావాలి. షాట్ అనుకోగానే భుజం బిగిసిపోతుంది, పిడి పట్టు గట్టిపడుతుంది. ఎదుటివాడికి అది ఇట్టే తెలిసిపోతుంది. ఒక స్నేహితుణ్ణి ఎదురుగా నిలబెట్టి, మీరు కొట్టేలోపే పాసో షాటో చెప్పమనండి. వాడు సరిగ్గా చెప్పగలిగినంతకాలం మీ షాట్ ఇంకా పచ్చిదే.

మూడోది చాలామంది మరిచిపోయేది. మిడ్ నుంచి గోల్ దాకా నాలుగు వరుసలున్నాయి: వాళ్ల మిడ్, మన అటాక్, వాళ్ల డిఫెన్స్, వాళ్ల గోలీ. అంటే మన బొమ్మలే మన బంతికి అడ్డం. అటాక్ రాడ్‌ని పైకి లేపాలి. ముందే లేపితే గుట్టు బయటపడుతుంది, ఆలస్యమైతే బంతి మన బొమ్మకే తగులుతుంది. కొట్టే చెయ్యి, లేపే చెయ్యి ఒకే క్షణంలో కదలాలి. దీనికి ఒంటరిగా టేబుల్ దగ్గర గంటలు గడపడం తప్ప ఇంకో దారి లేదు.

నాలుగోది, పొదుపు. తప్పిన మిడ్ షాట్ చాలాసార్లు నేరుగా వాళ్ల డిఫెన్స్ చేతికి పోతుంది. ప్రతిసారీ కొడితే వాళ్లు కాచుకుని కూర్చుంటారు. గేమ్‌కి ఒకటి, రెండు చాలు. గోల్ పడకపోయినా ఆ భయంతో వాళ్ల చెయ్యి ఒకటి వెనక్కి పోతుంది, మన పాస్‌కి దారి దొరుకుతుంది.

ఇది మనవాళ్లకీ చెప్తున్నాం. కళ్లు మూసుకుని మిడ్ నుంచి బాదడాన్ని మేము సమర్థించడం లేదు. పదిసార్లు బాదితే ఒకటి పడుతుంది, అప్పుడు "లక్కు" అన్నవాడి మాటే నిజమవుతుంది. అదే గోల్ మళ్లీ కొట్టి చూపించగలిగితే ఎవరూ నోరెత్తరు.

ఈ ఆటకి పేటెంట్ తీసుకున్నవాళ్లలో స్పెయిన్‌కి చెందిన అలెహాంద్రో ఫినిస్తేరె ఒకరు. ఆయన చెప్పుకున్న దాని ప్రకారం, 1936లో మాడ్రిడ్ బాంబు దాడిలో గాయపడి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, తనలాగే గాయపడి మైదానంలోకి దిగలేని పిల్లల్ని చూసి ఈ టేబుల్ తయారు చేయించారు. 1937లో పేటెంట్ తీసుకున్నారు. బయట నిలబడిపోయినవాళ్ల కోసం పుట్టిందని చెప్పుకునే టేబుల్ దగ్గర కొత్తవాళ్లని బయట నిలబెట్టడం అన్యాయం.

కాబట్టి మేము అడిగేది రెండే. ప్రతి హాస్టల్ కామన్ రూంలో ఆట రూల్స్ తెలుగులో రాసి టేబుల్ పక్కన గోడకి అంటించాలి. మిడ్ గోల్ వద్దనుకుంటే వద్దని రాయండి, కానీ అందరికీ ఒకటే, ముందే. రెండోది, రాత్రి భోజనం తర్వాత కొంతసేపు టేబుల్‌ని కొత్తగా వచ్చిన జూనియర్లకి వదలాలి. ఆ టైములో సీనియర్లైన మనమే పక్కన నిలబడి పాస్ నేర్పిద్దాం. షాట్ దాని వెనకే వస్తుంది.

జై ఆదివాసీ.